ఇరవై నాలుగు పలుగులు

రోహిణి కార్తె. బ్రాడీపేటలో తారు మెత్తబడి
చెప్పుల్ని పట్టుకుని వదలని రోజులు.
కేబులు గుంటల తవ్వకం, మీటరుకు నూట పది.
మిషన్ దూరని చోట్లు, కింద మంచినీళ్ల గొట్టాలు,
అందుకని పలుగు పట్టే మనుషులు.
శౌరమ్మా ఇన్నయ్యా
ఫిరంగిపురం నుంచి మొదటి బస్సుకు వస్తారు.
నేను టేపు పట్టుకుంటాను. పుస్తకం నాది.

పొద్దు వాలాక కొలిచాను.
రెండో లైనులో పద్దెనిమిది మీటర్ల నలభై.
మూడో లైనులో పధ్నాలుగు డెబ్బై అయిదు.
బజ్జీల బండివాడు జరగనన్నాడు,
వాడి చక్రం పక్కనుంచి వంకరగా తొంభై సెంటీమీటర్లు.
పళ్ల డాక్టరు గేటు ముందు
ఒక మీటరూ తొంభై అయిదు.

రాసుకున్నది మాత్రం
పద్దెనిమిది, పధ్నాలుగు, సున్నా, ఒకటి.
ముప్పై మూడు.
కింద గీత, గీత కింద సంతకం.

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు.
పుస్తకం నా చేతికిస్తూ పానకాలరావు చెప్పాడు:
"సెంటీమీటర్లు చిల్లర పైసల్లాంటివి,
వాటితో కూర్చుంటే తెల్లారుద్ది."
నాకూ ఇంటికి పోవాలనే ఉండేది.

శౌరమ్మ ఎప్పుడూ టేపు వంక చూడలేదు.
ఆ వేళ ఏమనిపించిందో
పలుగును గుంట అంచున పడుకోబెట్టింది.
కొస దగ్గర బొటనవేలితో గీత.
గీత నుంచి మళ్లీ పలుగు, మళ్లీ గీత.
పన్నెండు పడ్డాయి. ఇంకా కొంచెం గుంట ఉంది.

ఆ కొంచెాన్ని వదల్లేదు.
పలుగు మీద అది ఆగినచోట
తడి మట్టి అద్దింది,
మూడో లైనుకు నడిచి
ఆ మచ్చను గుంట మొదట్లో ఆనించి
అక్కణ్ణుంచి కొలిచింది.
ఇంకో పది. జానెడు కూడా లేని మిగులు.
మచ్చ మారింది.
బజ్జీల బండి దగ్గర పలుగు నిండనే లేదు,
మచ్చ ముందుకు జరిగింది, అంతే.
పళ్ల డాక్టరు గేటు ముందు
పలుగు కొసా గుంట కొసా ఒకేచోట ఆగాయి.
వేలు పట్టే సందు లేదు.

"ఇరవై నాలుగు. నీదెన్ని పలుగులయ్యా?"

పలుగు మీద టేపు పెట్టాను. నూట యాభై సెంటీమీటర్లు.
నా ముప్పై మూడు మీటర్లను సెంటీమీటర్లు చేసి,
వాటిని పలుగులు చేసి చూశాను.
ఇరవై రెండు.

"రెండు పలుగులు యాడికి పోయినయ్యి?"

బజ్జీలవాడు మూకుడులో గరిటె ఆపాడు.
నలభై, డెబ్బై అయిదు, తొంభై, తొంభై అయిదు
పుస్తకం అట్ట మీద ఒకదాని కింద ఒకటి వేశాను.
మూడు వందలు.
వంద నిండితే పక్క గడిలోకి పంపాలని
అయిదో తరగతిలో
నా చెవి మెలేసి మరీ చెప్పారు.
మూడు మీటర్లు. మూడు వందల ముప్పై రూపాయలు.
ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ దాచలేదు,
వేరే గడిలో ఉన్నాయని నేను పిలవలేదు.

కొట్టేసి ముప్పై ఆరు రాశాను.
శౌరమ్మ కొంగుతో మచ్చ తుడిచేసింది.
రేపటికేం మిగల్లేదుగా అంది.

పొద్దుటి నుంచీ నోరు విప్పని ఇన్నయ్య
తువ్వాలు దులుపుకుంటూ అడిగాడు:
"మరి అరండల్‌పేటయ్యి?"

అవి పూడ్చేశాం. పైన తారేశారు.
పుస్తకంలో నలభై ఒక్క పేజీలు,
అన్నీ నున్నటి అంకెలు,
ఒక్కదాని వెనకా చుక్క లేదు.

వాళ్లు నర్సరావుపేట బస్సుకు పరిగెత్తారు.
శంకర్‌విలాస్ బ్రిడ్జి దిగి
నేను అరండల్‌పేట మీదుగానే పోనిచ్చాను.
అతుకు అతుక్కీ బండి ఎగిరింది.
ఒకటీ రెండూ అని పలుగుల్లో లెక్కపెట్టుకుంటూ
లాడ్జి సెంటరు దాకా వచ్చాను.
ఎక్కడో తప్పాను.