మా డాక్టర్

జేమ్స్ స్ట్రీట్‌లో గడియారాల కొట్టు పక్కన
ఇనుప మెట్లెక్కితే ఒక బోర్డు:
'డాక్టర్ మా. పళ్లు కట్టబడును.'
మా అన్నది ఆయన ఇంటిపేరని తెలీక
మా డాక్టరు, మా డాక్టరు అని
సికింద్రాబాద్ సొంతం చేసేసుకుంది.

నోరు తెరిపించి, అద్దం లోపల పెట్టి
పాడేవాడు.
సన్నగా, ముక్కులోంచి, ఆడగొంతుతో,
పిల్లి తోక మీద ఎవరో నిదానంగా కాలు మోపుతున్నట్టు.
అదేం పాటని అడిగే వీల్లేదు.
నోటినిండా దూది.

మా నాన్న పోశెట్టి
ఆరు రోజులు రైల్వే పార్సెల్ గుమస్తా,
శనివారం రాత్రి రాణి.
నలభై ఐదో ఏట ముందు పళ్లు రెండూడి
పద్యంలో 'స'లన్నీ గాలికిపోయాయి.
'సఖీ' అంటే ఈల వచ్చింది.
నేల క్లాసు ఇంకో ఈలతో బదులిచ్చింది.

కట్టుడు పళ్లు బిగించి డాక్టరన్నాడు ఉర్దూలో:
'నమలడం తర్వాత. ముందు పాడు.'
మెడకు కట్టిన తెల్లగుడ్డతోనే
నాన్న రాగం ఎత్తాడు.
కింద గడియారాలు పన్నెండు కొడుతున్నాయి,
దేని పన్నెండు దానిది.
'స' నిలబడింది.

మా డాక్టర్ పటకార్ల కింద నుంచి
ఒక ఫోటో తీశాడు.
హూబేలో ఏదో నది ఒడ్డు, వెదురు వేదిక.
చెవులదాకా కనుబొమ్మలు, జడనిండా ముత్యాలు.
'మీ అమ్మా?' అన్నాను.
'నాన్న. హాన్ నాటకంలో కూతురి వేషం.'

రెండు తువ్వాళ్లు మణికట్లకు చుట్టుకుని విసిరాడు.
అక్కడ చేతికి రెండు మూరల తెల్లపట్టు ఉంటుందట,
ఏడవాలంటే కన్నీళ్లు అక్కర్లేదట,
అది విసిరి, వెనక్కి రానిస్తే చాలట.
'మేం కొంగు నోట్లో కుక్కుకుంటాం'
అని నాన్న, లేని పమిట తీసి చూపించాడు.

మరి స్టేజీ ఎక్కవేం అంటే
గుడ్డలు మడతపెడుతూ చెప్పాడు:
యుద్ధమైన ఏడాది
నెలనెలా సంతకానికి వెళ్లే ఠాణాలో
'ఏం పాట అది, ఎవరికి కబురు?' అన్నారట.
అప్పట్నుంచి
మాట్లాడలేని వాళ్ల ముందే పాడతాడు.

ఆ శనివారం కాచిగూడలో
రాణికి రాజు చావు కబురొచ్చింది.
నాన్న కొంగు నోటికి తీసుకోలేదు.
రెండు మూరలు వదిలి, గాల్లోకి విసిరి,
రానిచ్చాడు.
హార్మోనియం మల్లారెడ్డి అందుకోవడం మర్చిపోయి
మర్నాడంతా తిట్టాడు.

వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు.
నేను వెనక్కి తిరిగి చూశాను.
చివరి బెంచీ మీద మా డాక్టర్
నోరు తెరిచి ఉన్నాడు.
దూది లేదు.