పట్టు

బెల్లందూరులో మా ఆఫీసు మూడో అంతస్తు.
ఓబులేసు పొద్దుట్నించీ చస్తున్నాడు.
ఒంటినిండా తెల్ల చుక్కలు, కింద నీలం పరుపు.
నలభై ఒకటోసారి లేచి టీ అడిగాడు.

మిగతాది నా పని:
గురుత్వాకర్షణ కాస్త తగ్గించి, మోకాళ్లు వదులు చేసి
శవాన్ని మెట్లమీద అందంగా దొర్లించడం.
ప్రాణం పోగానే తుపాకీ జారిపోవాలని రూలు.

"జారదు సార్," అన్నాడు గ్లాసు ఊదుకుంటూ.
"వర్తూరులో రంగులేస్తా
మా బామ్మర్ది తొమ్మిదో అంతస్తునుంచి పడినాడు.
బ్రష్షు ఇడ్సలా.
మేమే ఏళ్లు ఇప్పినాం."

ఆ రాత్రి ఒక్క అంకె మార్చాను.

పొద్దున టెస్టర్ల ఫిర్యాదు:
చచ్చినవాడు చేతిలోది వదలడం లేదు.
తప్పు కాదు, అని రాసి మూసేశాను.

మెట్లకింద వాడి మోచెయ్యి మాత్రం
గోడలోకి దూరి ఇంకా వణుకుతోంది.
అది తప్పే.
రేపు చూడాలి.