బొబ్బిలి బస్సు

ఇళ్లు లేనివాళ్లని ఒక్క రాత్రిలోనే లెక్కపెట్టేయాలట.
ఫిబ్రవరి నెలాఖరు, పదకొండు దాటాక
మూడు లాంతర్ల దగ్గర నాకో ప్యాడ్డూ, రెండు పెన్నులూ,
తడితేగానీ వెలగని టార్చిలైటూ ఇచ్చి
"మీరు లెక్కల మాస్టారే కదా" అన్నాడు సూపర్‌వైజరు.

ఇరవై రెండేళ్లుగా విజీనారంలోనే కాపురం.
ఏ సందులో ఏ కుక్క కరుస్తుందో తెలుసు.
అయినా ఆ రాత్రి
షట్టర్లు దించిన రోడ్డు మీద నడుస్తూంటే
పాసుపోర్టు లేకుండా ఏదో దేశంలో దిగినట్టుంది.
పగలు చీరలు పరిచే అరుగు మీద
మనుషుల్ని మడతపెట్టి ఉంచారు.
నేను చెప్పులు కొనే కొట్టు మెట్ల మీద
వరసగా పదకొండు జతల
వట్టి పాదాలు.

నిద్రపోయేవాణ్ణి లేపి పేరడగడం
ఎంత సిగ్గుమాలిన పనో
ఆ ఫారం తయారుచేసినవాడికి తెలీదు.
వెలుతురు ముఖం మీద పడగానే
ముందు రెండు చేతులూ లేస్తాయి, దెబ్బ కాచుకోడానికి.
కళ్లు తర్వాతే తెరుచుకుంటాయి.
"కొట్టను బాబూ, రాసుకుంటానంతే."
రాసుకోడం కొట్టడంకన్నా మేలని
వాళ్లెవరూ నమ్మినట్టు లేదు.

పెద్దాసుపత్రి గోడవార అసిరమ్మ.
మెంటాడకి అవతల ఏదో ఊరు.
మొగుడి కడుపులో గడ్డ తీయించడానికి తెచ్చింది.
"గడ్డ తీసీసినారు బాబూ. మడిసే మిగల్నేదు."
బండి కట్టించే డబ్బుల్లేక ఇక్కడే కాల్పించేసింది,
దసరాకి ముందు.
"మరి ఇంటికెళ్లొచ్చు కదా?" అన్నాను.
ఫారంలో లేని ప్రశ్న.
"ఇద్దరం బస్సెక్కినాం. ఒక్కదాన్ని ఎలాగ దిగీది?"
తల కింద తలగడలాగా
అతని ఎక్స్‌రే కవరు.
వృత్తి అన్నచోట నా పెన్ను ఆగిపోతే
"కాపలా అని రాయి నాయినా" అంది.
రాశాను.

రైల్వే గేటు దగ్గర ఒకడికి
తెలుగు రాలేదు, నా హిందీ అందలేదు, నా ముక్కల ఒరియా అసలే అందలేదు.
వాడు మాత్రం చాలాసేపు, ఓపిగ్గా,
చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు.
మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.
బహుశా నేను నవ్వాల్సిన చోటు.
మాతృభాష ఎదురుగా
చిన్న గీత గీసి వచ్చేశాను.

కాంప్లెక్సులో, ఆఖరి సిమెంటు బెంచీ మీద
తవిటినాయుడు గారు.
జూట్ మిల్లులో టైంకీపరు.
మా నాన్న ఐదు నిమిషాలు ఆలస్యంగా పరిగెత్తుకెళ్తే
గోడ గడియారం వైపు కాకుండా
కిటికీ వైపు చూసిన మనిషి.
మిల్లు తాళం పడ్డాక ఏమయ్యారో
నేనెప్పుడూ అడగలేదు.
గుండీలన్నీ పెట్టుకున్న చొక్కా.
కాళ్ల దగ్గర రెక్సిన్ సంచీ,
జిప్పు మూసుకోని సందులోంచి
ఒక సత్తుగిన్నె, పళ్లుతోముకునే బ్రష్షు.

నా చేతిలో ప్యాడ్డు చూశారు. తర్వాత నన్ను.
"బొబ్బిలి బస్సుకోసం కూకున్నాను నాయినా.
ఎన్నింటికో తెలుసా?"
ఆఖరి బస్సు పోయి రెండు గంటలయింది.
ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు.
"నాలుగూ ముప్పావుకండీ."
"అయితే టైముంది" అన్నారు,
మణికట్టు వైపు చూసుకుని.
అక్కడ వాచీ లేదు,
వాచీ ఉండిన తెల్లటి పట్టీ ఉంది.

ప్రయాణికుల్ని లెక్కలో వేయకూడదని రూలు.
టార్చి ఆర్పి, కిటికీ లేదు గనక
బస్సుల టైము బోర్డు వైపు చూస్తూ
కాసేపు నిలబడ్డాను.

నాలుగింటికి మొత్తం కూడి ఇచ్చాను. నూట ఏడు.
సూపర్‌వైజరు వేళ్లతో మళ్లీ కూడి
"సరిపోయింది మాస్టారూ" అన్నాడు.

ఇంటికొచ్చి, మా గుమ్మం మీద ఎవరో నీలం రంగుతో రాసి వెళ్లిన
ఇంటి నెంబరు కింద నిలబడి
తాళంచెవి వెతుక్కుంటూంటే
కాంప్లెక్సు వైపు నుంచి హారను వినబడింది.
ఏ ఊరి బస్సో.