ఇంజన్ ఆగే చోటు

ఆదివారం పొద్దుగాల సోమశిల రేవుల
లాంచీ ఎక్కేటోళ్లకు చెయ్యందిస్త.
కొల్లాపూర్ మామిడి సంచులు, పులిహోర డబ్బాలు,
ఒక పాటల పెట్టె.
దాని నోరు ముయ్యడం నాతోని కాదు.

వనపర్తి కాలేజీల చరిత్ర చెప్పి రిటైరైన
వకుళాదేవి మేడం ముందు సీట్ల కూసున్నది.
పోయిన చలికాలం నైలు నది మీద
ఎనిమిది దినాలు పడవల తిరిగొచ్చిందట.
పక్కోళ్లకు ఫోన్ల ఫోటోలు చూపిస్తున్నది:
తొడల మీద చేతులు పెట్టుకొని కూసున్న రాతి రాజులు,
పక్కకు తిరిగి గూడ నిండు కన్నుతోని చూసే గోడ మనుషులు,
ఇసుక రంగు గుట్టకు తొలిచిన చీకటి దర్వాజ.

"ఆడ గూడ డ్యాం కట్టిండ్రు" అన్నది.
"నీళ్లొస్తయని గుడిని ముక్కలు కోసి
ముక్కముక్కకు నంబరేసి
మీదికి మోసి మళ్ల అతికిచ్చిండ్రు.
మన సోమేశ్వరుని తీరుగనే."

నంబర్లు నాకెరుకే మేడం.
అప్పుడు నాకు తొమ్మిదేండ్లు.
చెవి మీద బీడీ పెట్టుకున్న ఆఫీసు మనిషి
తారు డబ్బా పట్టుకొని
గుడి రాళ్లకు అంకెలేసుకుంట తిరిగిండు.
నంది చెవి కింద గూడ ఒకటేసిండు.
అదే డబ్బాతోని మాపటేళ
మా గుమ్మడంపాడుకొచ్చి
మా తలుపు మీద రాసిండు: నలభయ్యేడు.

నాకు సంబురమైంది.
మా ఇల్లును గూడ మోసుకపోతరనుకున్న.
ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాల్నో
వాళ్లు మరిచిపోతరేమోనని
రెండు దినాలు కూసొని బొగ్గుతోని
రోలుకు, విసుర్రాయికి, కోళ్ల గూటికి
నేను గూడ అంకెలేసిన.

గుడి నంబరు మళ్ల గుడైంది.
మా నంబరు రసీదైంది.
అది గూడ నాయిన ఏలిముద్ర సరిగ పడలేదని
రెండుసార్లు ఎనకకొచ్చింది.

నీళ్లు రాక రెండు నెలల ముందు
అవ్వ పోయింది, జరం మీద.
ఊరు ఊరంత మూటలు కడుతున్నప్పుడు
గోరీని ఎవరెత్తుకుంటరు?
దాని మీద ఎవరు తారు పుయ్యలేదు.

మేడం చెప్తున్నది:
సచ్చిన రాజు అవతలికి దాటాలె గదా,
గోరీ పక్కన నిండు పడవ పెట్టెటోళ్లట,
తెడ్లతో సహా, తాళ్లతో సహా.
మా ఈదమ్మకు తెడ్డు ముక్క గూడ పెట్టలేదు.
ఇప్పుడు మాత్రం దినాం ఒక లాంచీ
ఆమె మీదికెళ్లి పోతది,
పల్లికాయల పొట్టు రాల్చుకుంట.

ఒక కరువు ఏడు నీళ్లు బాగ గుంజినయి.
పగిలిన బురద మీద నడుచుకుంట పోయిన.
రోలు దొరికింది. దాంట్ల నత్తలున్నయి.
గోరీ దొరకలేదు.
ఒండ్రు అన్నిటిని ఒక్క తీరుగ కప్పింది.
అందుకే గుట్టల మీద గురుతు పెట్టుకున్న:
రెండు శిఖరాల నడుమ సందు,
ఎడమ దిక్కు ఎర్రబండ,
అవి ఒక్క గీతకొచ్చినకాడ
ఇంజన్ ఆపుత.
పంకకు నాచు చుట్టుకున్నదని ఓనరుకు చెప్త.
ఇన్నేండ్ల సంది అదే నాచు.

ఇయ్యాల గూడ ఆపిన.
పాటల పెట్టెల ఛార్జింగ్ అయిపోయింది, దేవుని దయ.
లైఫ్ జాకెట్ల గదువ దాక మునిగిన మేడం మనుమడు
అంచు మీదికి వంగి అడిగిండు:
"అంకుల్, ఈ నీళ్లల్లో మమ్మీలు ఉంటాయా?"
అందరు నవ్విండ్రు.

"ఉన్నది బిడ్డా" అన్న. "ఒకతి."

"ఎంత పాతది?"

"ముప్పై ఒక్కేండ్లది.
ఆడికే ఆగింది.
ఇప్పుడు నేనే ఆమెకన్న పెద్ద."

పిలగానికి సమజ్ గాలె.
మేడం ఫోన్ ఒళ్లె బోర్లేసుకొని
నీళ్లను చూసింది, తర్వాత నన్ను.
"నాచు పోయిందా?" అనడిగింది మెల్లగ.

తాళంచెవి తిప్పిన.
మూడోసారికి అందుకున్నది.