ముప్పావు ఇంచి

నిజ్వా సనాయియాల
ఎండ రేకుల కప్పు మీద బాసింపట్టేసుకొని కూసున్నది.
ఖల్ఫాన్ ముసలాయన బండిని
ఇద్దరు మనుమలు తోసుకొచ్చిండ్రు.
ఫోర్ వీల్ డాట్సన్ పికప్పు, నా కన్న రెండేండ్లు పెద్దది.
తొట్టిల గులాబి మొక్కల మన్ను, మేక వెంట్రుకలు.

పెడలు తొక్కితే అడుగుదాక పోతున్నది,
బండి మాత్రం ఆగుత లేదు.
మాస్టర్ సిలిండర్ విప్పిన.
లోపలి రబ్బర్లు ఎండిన చింతతొక్క లెక్క,
గోడల నిండ తుప్పు గుంటలు.
కొత్తది దొరకదు, కంపెనీ చేసుడే బందు పెట్టింది.
ఆ మాట చెప్పనీకి నా అరబ్బీ సరిపోలే,
చేతులు ఊపిన.
"కొండ మీదికి పోవాలె" అన్నడు.
అంతే, ఇంకో మాట లేదు.

గుల్ జమాన్ తుక్కు యార్డుల
బండ్లన్నీ నోళ్లు తెరుసుకొని ఉంటయి.
ఒక జేబుల పాత సిలిండరు, ఇంకో జేబుల కాలిపర్సు.
ఓ పెద్ద జీపు దగ్గర ఆగిన.
బోల్టుల నడుమ దూరం కలిసింది.
పైపు మర కూడ కలిసింది;
కలవని మర మొదటి తిప్పుడుకే
పెండ్లిల పిలవని సుట్టం లెక్క సణుగుతది,
వేలికి తెలుస్తది.
లోపలి బోరు పూరా ఇంచి.
"షేర్ కా దిల్ హై" అన్నడు గుల్ జమాన్,
మూడున్నర రియాళ్లు గుంజిండు.

బల్ల మీదనే నూనె పోసి గాలి బుడగలు ఎల్లగొట్టిన.
రాడ్డుకు పిస్టనుకు నడుమ కాయితమంత సందు ఉంచిన.
ఆనిచ్చి బిగిస్తే
కాలు తీసినా చక్రాలు కాలుతనే ఉంటయి,
మరీ ఎడం పెడితే
పిలిచిన పిలుపు సగం తొవ్వల పోతది.
ఇది మా ఉస్తాద్ చెంప మీద కొట్టి నేర్పిండు.

నేను నడిపి చూసిన.
గేటుకు జానెడు దూరంల ఆగింది.
రాయి లెక్క పెడలు, నాకు మస్తు ఖుషీ.
తర్వాత ఖల్ఫాన్ కూసున్నడు.
పోయినేడు కుడి మోకాలికి కోత పెట్టిచ్చిండ్రట,
నాకు ఎవరు చెప్పలే, నేను అడగలే.
తొక్కిండు. ఇంకా తొక్కిండు.
మెడ నరాలు లేసినయి.
బండి మెల్లగ పోయి టైర్ల కుప్పకు ముద్దు పెట్టింది.
దిగి, బానెట్ మీద తట్టి
"జైన్, జైన్" అన్నడు.
తిట్టినా అయిపోవు.

బోల్టులు కొలిసిన, మరలు కొలిసిన, సందు కొలిసిన.
ఆయన కాలు కొలవలే.

శుక్రవారం, షట్టర్లన్నీ బంద్.
గుల్ జమానును నిద్ర లేపిన.
ఈసారి సగం నలిగిన చిన్న కారు,
సీటు కింద ఎవరిదో జడ క్లిప్పు.
బోరు ముప్పావు ఇంచి.
"ఏ తో చూహే కా హై" అని నవ్విండు,
రియాలు కూడ అడగలే, చాయ్ తాపమన్నడు.

బోల్టు రంధ్రాలు కలవలే,
ఆకురాయితోని అర్ధగంట రాకిన.
పైపును మల్ల వంచిన, ఒకటి విరిగింది, ఇంకోటి వంచిన.
లావు బోరు బలం అడుగుతది.
సన్నది కొంచెం లోతుకు దిగుతది,
కాని మెత్తటి కాలు చెప్పినా వింటది.
పదిసార్లు తొక్కి చూసిన,
అడుగుకు ఇంకా నాలుగు వేళ్ల జాగ మిగిలింది.

కొండ మీద దానిమ్మ తోటలకాడ ఖర్జూరం పెట్టి
కావా పోసిండు.
దిగుడు మొదలైంది.
ఒకదిక్కు గోడ, ఒకదిక్కు ఏమీ లేదు.
మొదటి మలుపుల పెడలు దిగుతున్నది, దిగుతున్నది,
నా ఊపిరి దానితోనే దిగుతున్నది.
పట్టింది.

పట్టినా సరే,
కిందిదాక నా కుడికాలు
నా దిక్కు లేని పెడలును తొక్కుతనే ఉన్నది.
ఖల్ఫాన్ ఒకసారి కిందికి చూసిండు.
నవ్వలే.
రెండో గేరుకు దించిండు.