పంట పేరు

పర్కాల బస్టాండు ఎదురుంగ నా పురుగుమందుల దుకాణం.
ఓదెలు ఎన్నడు లోపటికి రాడు.
రోడ్డవతల నిలవడి ముక్కుకు రుమాలు కట్టుకొని
మనుమనికి చీటీ ఇచ్చి తోలుతడు.

ఎనభై ఏడుల కువైట్ రేవుల హమాలి.
ఓడల నుంచి దింపినయి నీలం పీపాలు,
మీద ఏదో పెద్ద దేశం ముద్ర,
దాని కింద గోధుమ కంకి బొమ్మ.
"ఏ పంటకు?" అనడిగిండట మేస్త్రిని.
"పురుగులకు" అన్నడట మేస్త్రి, నవ్వకుంట.
లారీలు ఉత్తరానికి మళ్లినయి
లడాయి దిక్కు.
ఆడ ఇసుక తప్ప చేనున్నదా?

ఏడాది తిరగకముందే క్యాంపు టీవీల
ఒక కొండల ఊరు.
గడప మీద బోర్లవడ్డ తండ్రి,
తండ్రి కింద పసిగుడ్డు.
గాయం లేదు, నెత్తురు లేదు.
పిట్టలు గూడ రాలినయి.

ముద్ర గల్ల దేశపు మంత్రి
మెడపట్టీ సవరించుకొని అన్నడు:
మేం అమ్మింది ఎవుసానికి,
కాయితాలన్నీ సక్కగనే ఉన్నయి.

నిజమే. సంతకాలున్నయి, రసీదులున్నయి.
ఓదెలుకు ఆ వారం ఓవర్‌టైం ఆరు దినార్లు.
"నాకు గూడ పంచిండ్రు" అంటడు,
ఇంకేం అనడు.

నేనేం తక్కువ?
అప్పు మీద డబ్బా తీస్కపోయినోని పాడె
మొన్న నా షట్టరు ముంగటికెల్లే పోయింది.
బిల్లు సక్కగనే ఉండె.

ఇయ్యాల ఆ పిలగాడు చీటీ ఇచ్చి నిలవడ్డడు.
"ఏ పంటకో గూడ రాయాల్నట, తాత అన్నడు."

బిల్లుబుక్కు తిరగేసిన.
ఆ గడి లేదు.