పదిహేడో వాక్యం

ఇంగ్లీషులో అది పొట్టి వాక్యం.
"నా భావాలను నేను సులువుగా చెప్పగలను."
పక్కన ఐదు గడులు,
'అస్సలు కాదు' నుంచి 'ముమ్మాటికీ అవును' దాకా.

కుతాయిసీలో, రెండో అంతస్తు గదిలో
కిరోసిన్ హీటరు వాసనలో కూర్చుని
మూడు వారాలుగా దాన్ని జార్జియన్‌లోకి దించుతున్నాను.
దిగదు.

మా భాషలో లోపలి సంగతి ఏది ముట్టుకున్నా
గుండె అడ్డం పడుతుంది.
కోపం వచ్చినవాడు గుండె వచ్చినవాడు.
సొమ్మసిల్లితే గుండె వెళ్ళిపోయినట్టు.
మతిమరుపు మనిషి మరిచేది గుండెతోనే,
పట్టనివాడిది చల్లారిన గుండె,
దాపరికం లేనివాడిది మూత తీసిన గుండె.
ఇన్ని గుండెల మధ్యకి "భావాలు" అనే మాట
ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడుతుంది.
అయినా అదే రాశాను. కమిటీకి అదే కావాలి.

తిరుగు అనువాదం నానూలి గారిది.
నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి.
మూలం ఆవిడ కంట పడకూడదు, నియమం.
నా జార్జియన్ ఆవిడ ఇంగ్లీషులో ఇలా తిరిగొచ్చింది:
"నా అనుభూతులపై నేను ఇబ్బంది లేకుండా నివేదిక ఇవ్వగలను."
కింద పెన్సిల్‌తో ఒక ప్రశ్న:
"జవాబు చెప్పేది పిల్లలా, పోలీసులా?"

సిగ్గుపడి గుండె పెట్టి రాశాను:
"నా గుండెలో ఉన్నది చెప్పడం నాకు తేలిక."

ముందస్తు పరీక్షకి పద్నాలుగు మంది.
బచానా ఆఖరున వచ్చాడు, వాల్‌నట్ పచ్చితొక్కలు ఒలిచి
చేతులు మణికట్టు దాకా నల్లగా.
పదహారు వాక్యాలు పరుగున దాటాడు.
పదిహేడు దగ్గర పెన్ను ఎత్తాడు.

"ఎవరికి చెప్పడం?"

ఆ 'ఎవరు' వాక్యంలో లేరు. మూలంలోనూ లేరు.
మా క్రియలో ఒక్క అచ్చు మారిస్తే చాలు,
'చెబుతాను' కాస్తా 'ఆమెకి చెబుతాను' అయిపోతుంది.
ఆ ఒక్క అచ్చుకి కూడా నాకు అనుమతి లేదు.
"నీకెలా అర్థమైతే అలా," అన్నాను.

"మా కుక్కకైతే ఐదు.
అమ్మకైతే ఒకటి. అమ్మ ఇటలీలో,
బారీలో, ఎవరో ముసలావిడని చూసుకుంటుంది.
ఫోన్ మాట్లాడేటప్పుడు ఆవిడ పక్కనే నిద్రపోతుంటుంది.
అందుకే ఇద్దరం మెల్లగా, బాగున్నామనే చెప్పుకుంటాం."
కాసేపు పెదాలతో లెక్క కట్టి
మూడు చుట్టూ సున్నా చుట్టాడు.

మూడు. పట్టికలో ఎవరికీ అడ్డం రాని అంకె.
ఒకటికీ ఐదుకీ మధ్య సగటు,
వాడి కుక్కకీ వాళ్ళమ్మకీ మధ్య
ఎవరూ ఉండని ఊరు.

సాయంత్రం కాగితాలు స్కానరులో పెట్టాను.
పదమూడు మింగింది.
బచానాది రెండుసార్లు బయటికి కక్కింది:
పదిహేడో వాక్యానికి రెండు జవాబులట.
వెలుతురుకి పట్టి చూశాను.
ఒకటో గడి నిండా
నల్లటి బొటనవేలి ముద్ర.

రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.
వాల్‌నట్ మరక పోదని
ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు.